వయసు ఒక్కటే కారణం కాదు: పెద్దల చూపును దెబ్బతీసే మాక్యులా జబ్బుపై పరిశోధనలు ఏం తేల్చాయి?

"పెద్దవయసు వచ్చాక చూపు తగ్గడం మామూలే కదా!" చాలా ఇళ్లలో ఈ ఒక్క మాటతో విషయం ముగిసిపోతుంది. ఫజర్ నమాజు తర్వాత రోజూ ఖుర్ఆన్ తెరిచే దాదీమా ఒకరోజు పేజీ మూసి పక్కన పెడతారు. అక్షరాలు మధ్యలో మసకబారుతున్నాయని, వరుసలు వంకరగా కనబడుతున్నాయని అంటారు. పిల్లలు కొత్త ఐనక్ చేయిస్తారు. దానితో ఫలితం ఉండదు. శుక్లం వచ్చి ఉంటుందిలే, పండగ అయ్యాక ఆపరేషన్ చేయిద్దాం అనుకుంటూ నెలలు గడిపేస్తారు. కంటి లోపల జరుగుతున్నది మాత్రం వేరే కావచ్చు.

ఆ వేరే జబ్బుల్లో ముఖ్యమైనది వయసుతో వచ్చే మాక్యులా క్షీణత. డాక్టర్లు ఏజ్ రిలేటెడ్ మాక్యులర్ డీజనరేషన్ అని, క్లుప్తంగా ఏఎండీ అని అంటారు. పేరులోనే వయసు ఉంది. కానీ అందరికీ వయసు వస్తుంది, అందరికీ ఈ జబ్బు రాదు. ఎనభై ఏళ్లకు కూడా సూదిలో దారం ఎక్కించేవాళ్లున్నారు, అరవైకే మనవడి ముఖం గుర్తుపట్టలేనివాళ్లూ ఉన్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నది దీని జవాబు కోసమే. చాలావరకు అది దొరికింది కూడా.

అసలు ఈ జబ్బు ఏమిటి?

కంటి లోపల వెనుక గోడకు ఒక పలచటి పొర ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. బయటి దృశ్యం వెలుగుగా వచ్చి పడేది దాని మీదే. ఆ పొర నడిమధ్యన సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న భాగమే మాక్యులా. చదవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, నోటు మీద అంకె చూడడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం వంటి సూక్ష్మమైన చూపు పనులన్నీ ఆ చిన్న భాగం మీదే ఆధారపడి ఉంటాయి.

ఏఎండీలో పాడయ్యేది ఈ భాగమే. చుట్టూ ఉన్న చూపు నిలిచే ఉంటుంది. అందుకే ఈ జబ్బు ఉన్నవారు ఇంట్లో గోడ పట్టుకోకుండా నడవగలరు, కింద పడిన వస్తువు ఓరచూపుతో చూసి తీయగలరు. ఎదురుగా నిలబడింది కొడుకో అల్లుడో మాత్రం చెప్పలేరు. "బాగానే తిరుగుతున్నారుగా, చూపుకేమైంది?" అని ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే.

ఇందులో రెండు రకాలున్నాయి. ఎక్కువ మందికి వచ్చేది పొడి రకం. మాక్యులాలోని కణాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా క్షీణిస్తాయి. కొందరిలో అది తడి రకంగా మారుతుంది. అంటే రెటీనా కింద పనికిరాని కొత్త రక్తనాళాలు మొలిచి, వాటి నుంచి నీరు, రక్తం కారతాయి. అప్పుడు కొన్ని రోజుల్లో, వారాల్లోనే చూపు దెబ్బతినవచ్చు. 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2020 నాటికి ప్రపంచంలో 19.6 కోట్ల మందికి ఏదో ఒక దశలో ఏఎండీ ఉంటుంది. 2040 నాటికి ఆ సంఖ్య 28.8 కోట్లకు చేరుతుంది.

శుక్లం వేరు, ఇది వేరు

ఉర్దూలో మోతియాబింద్ అనే శుక్లం కంటి ముందు భాగంలో, లెన్స్‌లో వస్తుంది. మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెడితే చూపు తిరిగి వస్తుంది. ఏఎండీ వచ్చేది కంటి వెనుక, రెటీనాలో. లెన్స్ మార్చినంత మాత్రాన అది బాగవదు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. "ఆపరేషన్ అయినా చూపు రాలేదు" అని కుటుంబాలు బాధపడే సందర్భాల్లో కొన్నిటి వెనుక ఉన్నది ఇదే. అందుకే శుక్లం ఆపరేషన్‌కు ముందే రెటీనా పరీక్ష కూడా చేయించి, చూపు ఎంతవరకు రావచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది.

తెలుగు నేలపై చేసిన సర్వే

ఈ విషయంలో మన ప్రాంతానికి సొంత లెక్కలున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ పేరుతో పెద్ద సర్వే చేశారు. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు.

ఆ సర్వేలో మొదట తేలిన సంగతి ఊరటనిచ్చేదే. అంధత్వానికి కారణాల్లో 44 శాతం శుక్లం, 16.3 శాతం దృష్టిదోషం. అంటే చూపు కోల్పోయినవారిలో సగానికి పైగా ఆపరేషన్‌తోనో కళ్లద్దాలతోనో బాగుపడగలిగినవారే. "పెద్దతనం" అని ఇంట్లో కూర్చోబెట్టినవారిలో ఎంతమందికి చూపు తిరిగి వచ్చేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అదే సర్వేలో 40 ఏళ్లు దాటినవారిలో 1.82 శాతం మందికి ఏఎండీ ఉన్నట్టు తేలింది. 2005లో ఆ వివరాలు ప్రచురించారు. అరవై దాటినవారిలో జబ్బు ఉండే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. వయసుతో పాటు మరొకటి కూడా లెక్కలో బలంగా నిలబడింది, అదే చుట్ట. చుట్ట తాగిన అలవాటు ఉన్నవారిలో ఈ జబ్బు మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది.

ఇలాంటి సర్వే రెండు విషయాలు కలిసి కనబడుతున్నాయని మాత్రమే చెప్పగలదు. ఒకదానివల్లే మరొకటి వచ్చిందని రుజువు చేయలేదు. అందుకు మనుషులను ఏళ్ల తరబడి గమనించాలి, కణాల లోపల ఏం జరుగుతోందో చూడాలి, మందు ఇచ్చి ఫలితం పోల్చాలి. ఏఎండీ విషయంలో ఈ మూడూ జరిగాయి.

"ముసలితనపు జబ్బు" అన్న పేరు

కంటి వెనుక పొర కింద పసుపు చుక్కల్లాంటి ముద్దలు పేరుకోవడాన్ని 1855లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రాన్సిస్కస్ డోండర్స్ వర్ణించారు. మరుసటి ఏడాది జర్మనీకి చెందిన హైన్‌రిఖ్ ముల్లర్ వాటికి డ్రూసెన్ అని పేరు పెట్టారు. ఇప్పటికీ డాక్టర్లు అదే మాట వాడుతున్నారు. 1874లో లండన్‌లో జోనాథన్ హచిన్సన్, వారెన్ టే అనే ఇద్దరు డాక్టర్లు వృద్ధుల్లో నడిమి చూపు పోయే జబ్బును వివరించారు. 1885లో స్విట్జర్లాండ్ డాక్టర్ ఓట్టో హాబ్ దీన్ని ముసలితనపు మాక్యులా క్షీణత అన్నారు.

ఆ పేరు చాలాకాలం నిలిచిపోయింది. ముసలితనమే కారణం అనుకున్నాక ఇక వెతకడానికేముంది? ఇళ్లలో జరిగేదే వైద్యంలోనూ కొంతకాలం జరిగింది. 1970ల నుంచి ఆ ధోరణి మారింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్, బీవర్ డ్యామ్, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్, ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ ప్రాంతాల్లో వేల మంది కళ్లు పరీక్షించారు. కొన్నిచోట్ల అవే మనుషులను ఐదేళ్లకు, పదేళ్లకు మళ్లీ పిలిచి చూశారు. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, వారి అలవాట్లేమిటి, తిండేమిటి అని పోల్చారు. అప్పుడే వయసు వెనుక దాగిన అసలు కారణాలు ఒక్కొక్కటిగా బయటపడటం మొదలైంది.

మొదటి కారణం: చెత్త ఎత్తే పొర అలసిపోవడం

రెటీనాలో వెలుగును పట్టే కణాలు రోజంతా పనిచేస్తూ అరిగిపోతుంటాయి. ప్రతి కణం తన కొసభాగంలో సుమారు పదో వంతును రోజూ రాల్చేసి, కొత్తగా పెంచుకుంటుంది. ఆ రాలిన ముక్కలను మింగి జీర్ణం చేసే పని రెటీనా కింద ఉన్న మరో పొరది. దాని మందం ఒక్క కణమే. దాన్ని ఆర్‌పీఈ అంటారు. వెలుగు కణాలకు తిండి, ఆక్సిజన్ చేరేది కూడా దాని గుండానే.

ఈ పొరను బస్తీలో తిరిగే చెత్త బండితో పోల్చవచ్చు. బండి ఒకటే, డ్రైవరు ఒకడే, సెలవు లేదు, బదులు మనిషి రాడు. ఆర్‌పీఈ కణాలు మామూలుగా మళ్లీ పుట్టవు. పుట్టినప్పటి నుంచి ఉన్నవే ఎనభై, తొంభై ఏళ్లు పనిచేయాలి. ఏళ్లు గడిచేకొద్దీ జీర్ణం కాని కొవ్వు మిగులు ఆ కణాల్లోనే పేరుకుంటుంది. వాటి కింద ఉన్న సన్నని జల్లెడ పొర మందమై, కొవ్వు పట్టి, రాకపోకలు తగ్గుతాయి. బయటికి పోలేని వ్యర్థం ముద్దలుగా నిలిచిపోతుంది. డోండర్స్, ముల్లర్ చూసిన డ్రూసెన్ ఇవే.

చిన్నచిన్న చుక్కలు పెద్దవయసులో చాలామందికి ఉంటాయి. వాటితో చూపుకు ముప్పు తక్కువ. అవి పెద్దవై, ఎక్కువై, ఒకదానితో ఒకటి కలిసిపోతేనే జబ్బు ముదిరే ప్రమాదం పెరుగుతుంది. కంటి పాపను పెద్దది చేసే చుక్కల మందు వేసి డాక్టరు లోపలికి చూసేది ముఖ్యంగా వీటి కోసమే. రోగికి ఏమీ తెలియని దశలోనే ఇవి డాక్టరుకు కనబడతాయి.

రెండో కారణం: శరీరపు కాపలాదారుల పొరపాటు

డ్రూసెన్ అందరిలో ఒకేలా ఎందుకు పెరగవు? ఈ ప్రశ్నకు పెద్ద జవాబు 2005లో వచ్చింది. సైన్స్ పత్రికలో మూడు పరిశోధక బృందాలు ఒకేసారి ఒకే జన్యువును చూపించాయి. దాని పేరు సీఎఫ్‌హెచ్. అందులో ఒక బృందం 96 మంది రోగులను, జబ్బు లేని 50 మందిని పోల్చి ఈ ఫలితం సాధించింది. మనిషి జన్యురాశి మొత్తాన్ని జల్లెడపట్టి ఒక సాధారణ జబ్బుకు కారణమైన జన్యువును పట్టుకున్న తొలి విజయాల్లో ఇదొకటి.

ఈ జన్యువు చేసే పనేమిటి? మన రక్తంలో క్రిములను చంపే కాపలా వ్యవస్థ ఒకటుంది. దాన్ని కాంప్లిమెంట్ వ్యవస్థ అంటారు. క్రిమి కనబడితే అది దాడి చేస్తుంది. పని అయ్యాక ఆగాలి, సొంత కణాలను ముట్టకూడదు. ఆ ఆపే బ్రేకు పేరే ఫ్యాక్టర్ హెచ్. దాన్ని తయారుచేసేది సీఎఫ్‌హెచ్ జన్యువు. ఆ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంటే బ్రేకు సరిగ్గా పడదు. అప్పుడు మాక్యులా కింద చెత్త పేరుకున్నచోట కాపలా వ్యవస్థ ఏళ్ల తరబడి సన్నగా దాడి చేస్తూనే ఉంటుంది. డ్రూసెన్ లోపల కాంప్లిమెంట్ ప్రోటీన్లు కనబడటం ఈ మాటను బలపరిచింది.

పాశ్చాత్య దేశాల్లో తేలినది మన వాళ్లకూ వర్తిస్తుందా? 2006లో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు భారతీయ రోగుల్లో అదే మార్పును పరీక్షించి, ఇక్కడా దానికి ఈ జబ్బుతో సంబంధం ఉందని చూపించారు.

2016లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం 16,144 మంది రోగులను, జబ్బు లేని 17,832 మందిని పోల్చింది. జన్యురాశిలో 34 చోట్ల ఈ జబ్బుతో ముడిపడిన 52 మార్పులు కనిపించాయి. మరోవైపు, అప్పటికి కెంటకీ యూనివర్సిటీలో ఉన్న భారత సంతతి శాస్త్రవేత్త అంబటి జయకృష్ణ బృందం 2011లో ఇంకో దారి చూపింది. ముదిరిన పొడి రకం రోగుల ఆర్‌పీఈ కణాల్లో డైసర్ అనే ఎంజైము తగ్గిపోతోందని, దానివల్ల ఒక రకం ఆర్‌ఎన్‌ఏ ముక్కలు పేరుకుని కణానికి విషంగా మారుతున్నాయని వారు గుర్తించారు.

అంటే ఇదంతా నుదుటి రాతేనా? కాదు. కవలలపై చేసిన అధ్యయనంలో, ఈ జబ్బు రావడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 46 నుంచి 71 శాతం వరకు వారసత్వం వల్లే అని తేలింది. మిగిలిన భాగం బయటి నుంచి వచ్చేదే. అమ్మీకో అబ్బాకో ఈ జబ్బు ఉంటే పిల్లలకు తప్పకుండా వస్తుందని కాదు. కానీ వాళ్లు యాభై దాటాక ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి. జన్యు పరీక్ష చేయించమని డాక్టర్లు సాధారణంగా చెప్పడం లేదు. ఎందుకంటే దాని ఫలితంతో చికిత్స మారదు.

మూడో కారణం: పొగ

మన చేతిలో ఉన్న కారణాల్లో అన్నిటికన్నా బలమైనది పొగాకు పొగ. 1996లో అమెరికాలో రెండు పెద్ద అధ్యయనాలు ఒకేసారి వెలువడ్డాయి. రోజుకు 25 లేక అంతకన్నా ఎక్కువ సిగరెట్లు తాగే నర్సుల్లో, ఎప్పుడూ తాగనివారికన్నా ముప్పు 2.4 రెట్లుగా తేలింది. రోజుకు 20కి పైగా తాగే మగ డాక్టర్లలోనూ అది దాదాపు అంతే. తర్వాత దేశదేశాల్లో వచ్చిన అధ్యయనాలూ ఇదే చెప్పాయి. మన జిల్లాల్లో చుట్ట గురించి తేలినది కూడా ఇదే.

పొగ ఎలా చెడు చేస్తుందో కూడా తెలుసు. అది రక్తంలో కణాలను తుప్పు పట్టించే రసాయనాలను పెంచుతుంది, కాపలా వ్యవస్థను రెచ్చగొడుతుంది, కంటికి రక్షణగా ఉండే పోషకాలను తగ్గిస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది. బ్రేకు బలహీనంగా ఉన్న జన్యువుకు పొగ తోడైతే ముప్పు రెండింతలతో ఆగదు.

మంచి మాట ఏమిటంటే, మానేస్తే ముప్పు తగ్గుతుంది. బ్రిటన్‌లో 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మానేసి 20 ఏళ్లు దాటినవారి ముప్పు ఎప్పుడూ తాగనివారితో సమానంగా ఉంది. నలభైలో బీడీ మానేసినవారికి అరవైలో ఫలితం అందుతుందన్నమాట. "ఇప్పుడు మానేసి ఏం లాభం?" అనేవారికి ఇదే జవాబు.

నాలుగో కారణం: తిండిలో లోటు

మాక్యులాకు పసుపు రంగునిచ్చేది ల్యూటిన్, జియాజాంథిన్ అనే రెండు పదార్థాలు. ఇవి శరీరంలో తయారుకావు. తిండి నుంచే రావాలి. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో, మొక్కజొన్నలో, గుడ్డు పచ్చసొనలో ఇవి ఉంటాయి.

తిండితో జబ్బును ఆపగలమా అని తేల్చడానికి అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఆరెడ్స్ అనే పెద్ద పరీక్ష చేసింది. 2001లో ఫలితాలు వచ్చాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్ కలిపి పెద్ద మోతాదులో ఇస్తే, మధ్యస్థ దశలో ఉన్నవారిలో జబ్బు ముదిరే ముప్పు ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. 2013లో వచ్చిన రెండో పరీక్షలో 4,203 మంది పాల్గొన్నారు. అందులో బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది, అదీ ముఖ్యంగా గతంలో సిగరెట్ తాగినవారిలో. అందుకే దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ వచ్చాయి. చేపనూనెలోని ఒమేగా-3 మాత్రలతో అదనపు లాభం కనిపించలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. ఈ మాత్రలు జబ్బు రాకుండా ఆపవు, పోయిన చూపును తేవు. మధ్యస్థ దశలో ఉన్నవారికి, లేదా ఒక కంట్లో జబ్బు ముదిరినవారికి పనికొస్తాయి. కాబట్టి "కంటికి మంచిది" అని మెడికల్ షాపులో ఇచ్చే ప్రతి డబ్బా అందరికీ అవసరం లేదు. డాక్టరు చూసి చెప్పాకే వాడాలి.

కంచంలో తిండి సంగతి వేరు. 2018లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ దేశాల్లో దాదాపు 5,000 మందిపై వచ్చిన అధ్యయనంలో, కూరగాయలు, పండ్లు, పప్పులు, చేపలు ఎక్కువగా, మాంసం తక్కువగా తినేవారిలో ఏఎండీ ముదిరే ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. రోజూ బిర్యానీ, నహారీ తినే ఇంట్లో వారానికి నాలుగు రోజులు పాలకూర పప్పు, తోటకూర వేపుడు, చేపల పులుసు వండడం పెద్ద ఖర్చేమీ కాదు.

తడి రకం: కారణం దొరికింది, మందూ దొరికింది

కారణం తెలిస్తే ఏం లాభం అని అడిగేవారికి తడి రకం కథ చెప్పాలి. కొత్త రక్తనాళాలను మొలిపించే ప్రోటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసింది. దాని పేరు వీఈజీఎఫ్. అది క్యాన్సర్ గడ్డల్లోనే కాక, తడి రకం ఏఎండీలోనూ పనిచేస్తోందని తర్వాత తేలింది. దాన్ని అడ్డుకునే మందును కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తే?

2006లో 716 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రానిబిజుమాబ్ అనే మందు తీసుకున్నవారిలో ఏడాది తర్వాత సుమారు 95 శాతం మందికి చూపు పెద్దగా తగ్గలేదు. మందు ఇవ్వనివారిలో అది 62 శాతమే. మందు తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి చూపు స్పష్టంగా మెరుగైంది కూడా. అంతకుముందు ఈ జబ్బుకు అలాంటి ఫలితం లేనే లేదు.

మందు ధర మాత్రం భారీగా ఉండేది. క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్ కూడా అదే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది, చాలా చవక. 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో రెండిటినీ పోల్చి చూస్తే, చూపు విషయంలో ఏడాది తర్వాత రెండూ సమానంగా నిలిచాయి. 2015లో ఇంటాస్ కంపెనీ రానిబిజుమాబ్‌కు సమానమైన మందును భారతదేశంలో తెచ్చింది. ఈ రోజు మన పట్టణాల్లో కుటుంబాలకు ఒకటికి మించి దారులు ఉన్నాయంటే ఆ పరిశోధనల ఫలమే.

ఒక్క షరతు ఉంది. ఈ ఇంజెక్షన్ ఒకసారితో అయిపోదు, మొదట్లో నెలనెలా, తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో తీసుకోవాలి. ఆలస్యమైతే రెటీనా కింద మచ్చ కట్టేస్తుంది. మచ్చ కట్టాక మందు పనిచేయదు. పోయిన చూపు రాదు.

పొడి రకం ముదిరిన దశకు చాలాకాలం ఏ మందూ లేదు. 2023లో అమెరికాలో రెండు మందులకు అనుమతి వచ్చింది. రెండూ 2005లో వెలుగు చూసిన ఆ కాంప్లిమెంట్ వ్యవస్థనే అడ్డుకుంటాయి. అవి క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, చూపును తిరిగి ఇవ్వవు. వాటిలో ఒకదానికి యూరప్ ఔషధ సంస్థ 2024లో అనుమతి నిరాకరించింది. రోగికి కలిగే లాభం స్పష్టంగా కనబడలేదన్నది వారి అభ్యంతరం. దారి దొరికింది గానీ గమ్యం ఇంకా దూరంగానే ఉంది.

కారణాలు కానివి

టీవీ చూడటం, సెల్‌ఫోన్ వాడటం, తక్కువ వెలుగులో చదవడం వల్ల ఏఎండీ వస్తుందని రుజువు లేదు. వీటితో కళ్లు అలసిపోతాయి, పొడిబారతాయి, అంతే. జీవితమంతా ఖుర్ఆన్ చదవడం వల్లో, కుట్టుపని, జరీపని చేయడం వల్లో మాక్యులా అరిగిపోదు. ఎండ ప్రభావంపై అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం వేరే జబ్బు, దానికి వేరే చికిత్స ఉంది. షుగర్ ఉన్నవారు వయసుతో పని లేకుండా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇంకో విషయం ఇళ్లలో భయం పుట్టిస్తుంది. చూపు బాగా తగ్గిన కొందరు పెద్దలకు లేని మనుషులు, పిల్లలు, పూల డిజైన్లు, గోడలు కనబడతాయి. ఇంట్లోవాళ్లు మతి చెడిందనో, జిన్ను పట్టిందనో, గాలి సోకిందనో అనుకుంటారు. పెద్దలు భయపడి ఎవరికీ చెప్పరు. దీని పేరు చార్లెస్ బోనె సిండ్రోమ్. 1760లో స్విట్జర్లాండ్‌కు చెందిన బోనె, చూపు తగ్గిన తన తాతగారికి కనబడే దృశ్యాల గురించి మొదటిసారి రాశారు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకుంటుంది. అవి నిజం కావని ఆ పెద్దలకు సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ఇది పిచ్చి కాదు. డాక్టరుకు చెబితే చాలు, సగం భయం పోతుంది.

ఇంట్లో చేయగలిగినది

స్విట్జర్లాండ్ డాక్టర్ మార్క్ ఆమ్స్‌లర్ రూపొందించిన గళ్ల కాగితం పరీక్షను ఇంట్లోనే చేయవచ్చు. గళ్ల నోటుబుక్కు పేజీ మధ్యలో ఒక చుక్క పెట్టాలి. చదివే ఐనక్ పెట్టుకుని, పుస్తకం పట్టుకునే దూరంలో ఉంచి, ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో ఆ చుక్కనే చూడాలి. తర్వాత కన్ను మార్చాలి. గీతలు వంకరగా కనబడినా, మధ్యలో గళ్లు మాయమైనా, నల్ల మచ్చ కనబడినా జాగ్రత్తపడాలి. రెండు కళ్లతో చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. అందుకే విడివిడిగా చూడటం ముఖ్యం. ఈ పరీక్షలో ఏమీ తేడా లేకపోయినా, ఏటా డాక్టరుకు చూపించుకోవడం మానకూడదు.

వంకర గీతలు కొత్తగా కనబడితే అది శుక్లం లక్షణం కాదు. పండగ అయ్యాక, పెళ్లి అయ్యాక అని ఆగకూడదు. ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒకప్పుడు డాక్టర్లు కూడా "ముసలితనపు జబ్బు" అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ పేరు వెనుక పేరుకున్న వ్యర్థం, గాడి తప్పిన కాపలా వ్యవస్థ, జన్యువులు, పొగ, తిండిలో లోటు ఉన్నాయని పరిశోధన చూపింది. వీటిలో కొన్ని మన చేతిలో లేవు, కొన్ని ఉన్నాయి. ఈసారి ఇంట్లో పెద్దవారు "అక్షరాలు వంకర పోతున్నాయి" అంటే, "వయసు కదా" అనే ముందు ఒక గళ్ల కాగితం వారి ముందు పెట్టి చూడాలి.